లెక్కకు రాని బాలిక: కర్నూలు పత్తిచేలు నేర్పిన పాఠము



బసవేశ్వరుని బాల్యమును గూర్చి మన ఇండ్లలో తరతరములుగా చెప్పుకొను వృత్తాంతము ఒకటి కలదు. తనకు ఉపనయనము చేయుటకు పెద్దలు సిద్ధపడినప్పుడు, ఈ సంస్కారము అక్కకు ఏల లేదని ఆ బాలుడు అడిగెననియు, ఆమెకు లేనిది తనకును వద్దని ఇల్లు వీడెననియు చెప్పుదురు. ఈ కథను మనము భక్తితో వినుచుందుము. కాని అందలి ప్రశ్నను మన ఇంటికి, మన చేనికి తెచ్చుకొనుట అరుదు. “ఇతనికి ఉన్నది ఆమెకు ఏల లేదు?” అనునదే ఆ ప్రశ్న. స్త్రీ పురుష భేదమును గూర్చి నేటి సమాజశాస్త్రజ్ఞులు చేయు పరిశోధన ఈ ప్రశ్ననే అంకెలతో అడుగుచున్నది.

ఈ పాఠమున మన నేలమీద జరిగిన ఒక పరిశోధనను చదువుదము. కర్నూలు, నంద్యాల ప్రాంతముల విత్తనపు పత్తిచేలలో వేలకొలది బాలికలు ఏల చేరిరి? ఆ సంగతి లోకమునకు ఎట్లు తెలిసెను? తెలిసిన పిమ్మట ప్రభుత్వములును, కంపెనీలును ఏమి చేసినవి? మిగిలినది ఎవరి పని? ఇవి ఇందలి విషయములు.

1. లెక్కింపనిది కనబడదు

1971లో భారత ప్రభుత్వము దేశమందలి స్త్రీల స్థితిగతులను పరిశీలించుటకు ఒక సంఘమును నియమించెను. డాక్టరు ఫూల్‌రేణు గుహ దానికి అధ్యక్షురాలు. వీణా మజుందార్ సభ్య కార్యదర్శిగా పనిచేసిరి. న్యాయశాస్త్రాచార్యురాలు లోతికా సర్కార్ సభ్యులలో ఒకరు. రాజ్యాంగము సమానత్వమును వాగ్దానము చేసి రెండు దశాబ్దములు గడచినవి గావున స్త్రీల స్థితి మెరుగుపడియే యుండునని నాటి విద్యావంతులు నమ్మియుండిరి. 1974 డిసెంబరులో ఆ సంఘము ‘సమానత్వము దిశగా’ అను అర్థము గల పేరుతో సమర్పించిన నివేదిక ఆ నమ్మకమును తలక్రిందులు చేసెను. 1901లో వేయిమంది పురుషులకు 972 మంది స్త్రీలుండగా 1971 నాటికి ఆ సంఖ్య 930కి దిగెను. ఈ అంకెలు ఎవరో దాచిపెట్టినవి కావు. జనాభా లెక్కల పుస్తకములలో అందరి కన్నుల యెదుటనే యుండెను. వానిని ఒకచోట చేర్చి, ఇది ఏల జరుగుచున్నదని అడిగినవారు లేకపోయిరి.

నివేదిక వెలువడిన పిమ్మట, అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో సమాన వేతనపు ఆర్డినెన్సు వచ్చి 1976లో చట్టమయ్యెను. ఆ చట్టము తరువాత 2019 నాటి వేతనముల స్మృతిలో కలిసిపోయినది. ఆరవ పంచవర్ష ప్రణాళికలో (1980–85) స్త్రీలను గూర్చియు అభివృద్ధిని గూర్చియు మొదటిసారిగా ప్రత్యేకాధ్యాయము చేరెను. ఒక్క నివేదికయే ఇంతయు చేసెనని చెప్పరాదు. కాని ప్రభుత్వమును ప్రశ్నింపదలచిన వారి చేతికి అది ఆధారము నిచ్చెను.

లెక్కించు తీరులో సైతము లోపము కలదని పరిశోధకులు చూపిరి. “నీవు ఏమి పని చేయుదువు?” అని గణకుడు అడిగినచో, తెల్లవారుజామున లేచి పేడ తీసి, పాలు పితికి, మధ్యాహ్నము కలుపు తీసి, సాయంకాలము కట్టెలు తెచ్చిన ఇల్లాలు “ఏ పనియు లేదు, ఇంటి దగ్గరనే యుందును” అని చెప్పును. ఇంటి యజమానియు అట్లే చెప్పును. గణకుడు అట్లే వ్రాసికొనును. ఇట్టి విమర్శల ఫలితముగా 1991 జనాభా లెక్కలలో పనిని గూర్చిన ప్రశ్నకు, సొంత చేనులో గాని కుటుంబ వృత్తిలో గాని జీతము లేక చేయు పనియు ఇందు చేరునను వివరణ జతపడెను. ప్రశ్నలో కొన్ని మాటలు చేరుటవలన, అంతవరకు పనిలేనివారుగా వ్రాయబడిన స్త్రీలలో కొందరైనను శ్రామికులుగా లెక్కకు ఎక్కిరి.

దీనివలన మనము గ్రహింపవలసినది ఒక్కటే. అడుగనిది లెక్కకు రాదు. లెక్కకు రానిది ప్రభుత్వము కంటికి కనబడదు. కనబడనిదానికి చట్టము లేదు, నిధులు లేవు. పెద్ద స్త్రీల విషయమే ఇట్లుండగా, చేనిలో పనిచేయు పదేండ్ల బాలిక సంగతి చెప్పనేల? బడిలో ఆమె పేరు వ్రాసియుండును గనుక బడి లెక్కలో ఆమె విద్యార్థిని. చేనిలో ఆమె పేరు ఎచ్చటను వ్రాయబడదు గనుక శ్రామికురాలు కాదు. రెండు లెక్కల నడుమ ఆ బాలిక మాయమగును. కర్నూలులో జరిగినది ఇదియే.

2. విత్తనపు పత్తి

1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధనా కేంద్రమునుండి సి.టి.పటేల్ ‘హెచ్-4’ అను సంకర పత్తిని విడుదల చేసిరి. వాణిజ్య సాగునకు వచ్చిన సంకర పత్తి రకములలో ప్రపంచముననే ఇది మొదటిది. సంకర విత్తనముల దిగుబడి హెచ్చు. కాని పంటనుండి తీసిన గింజను మరుసటి యేడు విత్తిన అదే గుణము నిలువదు. ఏటేటా క్రొత్తగా విత్తనము తయారుచేయవలసినదే.

ఆ తయారీ చేతిపని. పత్తిపువ్వులో ఆడ, మగ భాగములు రెండును ఉండును గావున అది తనంతట తానే ఫలదీకరణము చెందును. సంకరము చేయవలెనన్నచో, మరునాడు విచ్చుకొనబోవు మొగ్గను ముందునాటి మధ్యాహ్నమునుండి సాయంకాలములోపల వెదకి, రేకులను, పుప్పొడి తిత్తులను గోటితో ఒలిచివేయవలెను. లోపలి కీలాగ్రము చెడరాదు. మరునాటి ఉదయము మగచెట్టు పువ్వును తెచ్చి దాని పుప్పొడిని ఆ కీలాగ్రమునకు అద్దవలెను. మన పల్లెలలో దీనినే ‘క్రాసింగు పని’ అందురు. ఒక్కొక్క చెట్టునకు ఒక్కొక్క మొగ్గగా, ప్రతిదినము, వానయైనను ఎండయైనను, కొన్ని నెలలపాటు ఈ పని సాగవలెను. ఒక్క దినము మానినచో ఆ దినపు మొగ్గలు వ్యర్థమగును.

కృష్ణా, తుంగభద్రల నీరును, కర్నూలు–కడప కాలువయు, నల్లరేగడి భూములును గల ప్రాంతములకు ఈ సాగు త్వరలోనే వ్యాపించెను. 1990ల చివరకు దేశమునకు కావలసిన సంకర పత్తివిత్తనములో సగమునకు మించి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుండియే పోవుచుండెను. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు అందు ముఖ్యములు. రైతునకు ఇది లాభపు పంట. కాని ఖర్చులో సగము వరకు కూలికే పోవును. లాభము నిలుచుటయు, పోవుటయు ఆ కూలి రేటును బట్టియే యుండెను.

3. ఆడపిల్లయే ఏల?

హైదరాబాదునకు చెందిన పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 1990ల చివరి భాగమునుండి ఈ చేలను ఊరూర తిరిగి పరిశీలించిరి. ఆయనయు, లూసియా డా కోర్టా అను పరిశోధకురాలును కలిసి 2001లో ఒక ప్రసిద్ధ వ్యవసాయ సామాజిక పత్రికయందు వ్యాసము ప్రకటించిరి. విత్తనపు పత్తిచేలలో కట్టుబడి పనిచేయువారి వయస్సును, లింగమును ఎట్లు మారినవో అందు చూపిరి. రాష్ట్రమున ఈ చేలలో పనిచేయు పిల్లలు రెండు లక్షలకు పైబడి యుందురనియు, అందు అత్యధికులు బాలికలే యనియు ఆయన అధ్యయనములు తేల్చినవి.

మన పెద్దలు ఎరిగినదే, పూర్వము మోతుబరి ఇంట జీతగాడుండెడివాడు. తీసికొన్న అప్పునకు ఏండ్ల తరబడి చాకిరి చేసెడివాడు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. వేరు పనులును దొరకసాగెను. మగవారు క్రమముగా ఈ కట్టునుండి బయటపడిరి. కాని ఇంటి అప్పు ఎచ్చటికిని పోలేదు. అది మొదట భార్య కూలిమీదికి, పిమ్మట కూతురి కూలిమీదికి జరిగెను. సంకెల తెగలేదు, అది పడిన చేయి మారినది. ఈ పరిశోధన చూపిన సత్యములలో ఇది ముఖ్యమైనది.

ఆ సంకెల ఎట్లు పనిచేసెనో చూడుడు. కంపెనీ విత్తనము పండింపదలచి ఆర్గనైజరు అను మధ్యవర్తికి పెట్టుబడి నిచ్చును. ఆయన రైతునకు ఇచ్చును. పనులు లేని వేసవి నెలలలో, ఇంట రోగమో పెండ్లియో వచ్చినప్పుడు, రైతు కూలివారికి అడ్వాన్సు ఇచ్చును. ఆ అడ్వాన్సు తండ్రి చేతికి వచ్చును. దానిని తీర్చవలసినది కూతురు. సీజను ముగియునాటికి తీరనిచో బాకీ మరుసటి యేటికి పోవును. ఇట్లు పట్టణములోని కార్యాలయమున మొదలైన సొమ్ము మెట్టుమెట్టుగా దిగుచు వచ్చి, తుదకు అప్పుగా ఒక బాలిక తలపై నిలిచెను. ఒప్పందములో ఆమె మాట ఎవరును అడుగరు.

రైతులు బాలికలను కోరుటకు చెప్పిన కారణములు కొన్ని కలవు. వారి వ్రేళ్లు సన్ననివి గావున మొగ్గ చెడదనిరి. వారి ఎత్తు చెట్టు ఎత్తునకు సరిపోవుననిరి. కాని పరిశోధకులు కూలి లెక్కలు తీయగా వేరొక కారణము బయటపడెను. పెద్ద స్త్రీకి ఇచ్చుదానికంటె బాలికకు దాదాపు మూడవవంతు తక్కువ. పురుషునికి ఇచ్చుదానిలో సగమైనను కాదు. పైగా బాలిక ఎక్కువ గంటలు వంగి పనిచేయును, ఎదురు చెప్పదు, మధ్యలో లేచిపోదు. వ్రేళ్ల సన్నదనమే కారణమైనచో అదే వయస్సు బాలురకును సన్నని వ్రేళ్లు కలవు గదా! వారు బడికి పోవుచుండగా అక్కచెల్లెండ్రు చేనికి ఏల పోయిరి? అణకువయే ఆడపిల్లకు గుణమని ఇంట మనము నేర్పినదే చేనిలో ఆమె కూలి తగ్గుటకు కారణమయ్యెను.

మరియొక మాటయు కొన్నిచోట్ల వినబడెడిది. ముట్టు వచ్చు స్త్రీలు పత్తిమొగ్గను తాకిన పంట చెడునని, గావున రజస్వల కాని పిల్లలే ఈ పనికి తగుదురని కొందరి నమ్మకము. ఇది మన పత్రిక పాఠకులు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన సంగతి. ఇష్టలింగధారులకు పంచసూతకములు లేవని, అందు రజస్సూతకమును చేరియున్నదని మన ఆచార్యులు బోధించిరి. నోట సూతకము లేదని చెప్పుచు, చేనిగట్టున దానినే సాకుగా చూపి తల్లిని మాన్పించి బిడ్డను పనికి పిలిచినచో, ఆ బోధ మనకు ఏమి ఉపకరించినట్లు?

ఈ పనివలన బాలిక పోగొట్టుకొన్నది ఒకటి కాదు. వర్షాకాలమునుండి చలికాలము మొదటివరకు, అనగా బడి చదువు సాగవలసిన ముఖ్యమాసములలో ఆమె బడికి పోదు. తిరిగి వచ్చునప్పటికి పాఠములు అందవు. రెండవ యేట అసలే పోదు. పత్తికి కొట్టు పురుగుమందుల మధ్యనే నిలిచి పనిచేయుటవలన తలనొప్పి, కండ్లమంట, వాంతులు వచ్చును. పొరుగూళ్లనుండి తెచ్చిన పిల్లలు తల్లిదండ్రులకు దూరముగా చేనివద్ద కొట్టములలోనే పరుండవలసి వచ్చెను. ఇందు హెచ్చుమంది దళిత, గిరిజన, వెనుకబడిన కులముల బిడ్డలు. లేమియు, కులమును, ఆడపుట్టుకయు మూడును ఒక్కచోట కలిసినవి.

4. పరిశోధన ఏమి మార్చెను?

ఈ వివరములు వెలువడువరకు ప్రభుత్వపు వాదము సులభమైనది. 1986 నాటి బాలకార్మిక చట్టము కొన్ని ప్రమాదకరమైన వృత్తులలో మాత్రమే పిల్లల పనిని నిషేధించెను. వ్యవసాయములో అధికభాగము దానికి వెలుపలనే యుండెను. చేనిపని పల్లెజీవితములో సహజమని, అది బాలకార్మికత్వము కాదని అందరును భావించిరి.

పేదరికము పోవునంతవరకు ఈ పని పోదను మాటయు గట్టిగా నిలిచియుండెను. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యురాలు శాంతా సిన్హా ఆధ్వర్యమున ఎం.వి. ఫౌండేషన్ 1991నుండి రంగారెడ్డి జిల్లాలో దీనికి భిన్నమైన మార్గమును త్రొక్కెను. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని ఆ సంస్థ సిద్ధాంతము. పనిలో నున్న పిల్లలను శిబిరములలో చేర్చి, కొన్ని నెలలు చదువు చెప్పి, వయస్సునకు తగిన తరగతిలో ప్రవేశపెట్టిరి. పేద తల్లిదండ్రులు సైతము బడి చేరువలో నుండి, ఊరు అండగా నిలిచినచో బిడ్డలను పంపుదురని రుజువయ్యెను. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారము లభించెను. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘము ఏర్పడినప్పుడు ఆమెయే ప్రథమాధ్యక్షురాలైరి. పల్లెలో పరీక్షింపబడిన అనుభవము ఇట్లు ఢిల్లీ వరకు నడచిపోయెను.

విత్తనపు పత్తి విషయమున ఒత్తిడి మరియొక దిక్కునుండియు వచ్చెను. 2003లో వెంకటేశ్వర్లు అధ్యయనము నెదర్లాండ్స్ దేశపు భారత సమితి పక్షమున వెలువడి, మన చేలలో పండు విత్తనమునకు బహుళజాతి కంపెనీలతో గల సంబంధమును ఐరోపా ప్రజల ముందుంచెను. అచ్చటి పత్రికలు, వాటాదారులు ప్రశ్నింపసాగిరి. చేలు మావి కావు, రైతులవి గదా యని తప్పించుకొనుట కష్టమయ్యెను. అదే యేడు విత్తన కంపెనీల సంఘము పిల్లలతో పని చేయింపరాదని తీర్మానించెను. తరువాత కంపెనీలును, స్వచ్ఛంద సంస్థలును కలిసి కర్నూలు మొదలైన ప్రాంతముల చేలను తనిఖీ చేయుటకు ఏర్పాట్లు జరిగెను. పిల్లలను పెట్టుకొనని రైతునకు ధరపై అదనపు బోనసు ఇచ్చు పద్ధతిని కొన్ని కంపెనీలు ప్రవేశపెట్టెను.

ఈ బోనసునకు వెనుక ఒక లెక్క కలదు. అదే పరిశోధకులు 2005లో కంపెనీ రైతునకు ఇచ్చు ధరను, పెద్దలకు ఇవ్వవలసిన కూలిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. ఆ ధరకు పెద్దల కూలి గిట్టుబాటు కాదని తేలెను. అనగా రైతు కఠినహృదయుడగుట మాత్రమే కారణము కాదు. పైనుండి వచ్చు ధరలోనే పిల్లల కూలి దాగియున్నది. మనలో సాగు చేయువారు అనేకులు గనుక ఈ మాట చెప్పవలసినది. రైతును నిందించి ఊరకుండుట సులభము. పరిశోధన ఆ నిందను పంచి, ఎవరి వంతు ఎంతయో చూపినది.

చట్టములును కదలినవి. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయముల పథకము వచ్చెను. గ్రామీణ స్త్రీల అక్షరాస్యత దేశపు సగటు కంటె తక్కువగాను, స్త్రీ పురుషుల నడుమ తేడా ఎక్కువగాను ఉన్న మండలములలోనే ఈ ఆశ్రమ పాఠశాలలు తెరువవలెనని నియమము. భేదమును కొలిచి, ఆ కొలతను బట్టియే బడి పెట్టుట ఇందలి విశేషము. 2009లో విద్యాహక్కు చట్టము, 2016లో బాలకార్మిక చట్టమునకు సవరణ వచ్చెను. ఈ సవరణతో 14 ఏండ్లలోపు పిల్లల పని అన్ని వృత్తులలోను, వ్యవసాయముతో సహా, నిషేధమైనది.

5. మారనిది ఏమి?

ఇంతటితో కథ సుఖాంతమని చెప్పుటకు వీలు లేదు. తనిఖీయు, బడియు, తగిన ధరయు మూడును కలిసిన గ్రామములలో పిల్లల సంఖ్య తగ్గెను. ఏదైన ఒకటి లోపించినచోట పని రూపు మార్చుకొనెను. కూలిపిల్లలతో చేయించు పెద్ద చేలకు బదులు, ఇంటివారే చేసికొను చిన్న చెలకలకు సాగు జరిగెను. అచ్చట పనిచేయు బాలిక కూలిది కాదు, ఇంటి కూతురు. 2016 సవరణ సైతము బడివేళలు ముగిసిన పిమ్మట కుటుంబపు పనిలో సాయపడుటను మినహాయించినది. బడివేళ ఎప్పుడు ముగిసెనో, సాయము ఎచ్చట చాకిరియగునో చూచువారు ఎవరు? 2015లో వెంకటేశ్వర్లు వెలువరించిన నివేదిక ప్రకారము దేశమున విత్తనపు పత్తిలో ఇంకను దాదాపు రెండు లక్షలమంది 14 ఏండ్లలోపు పిల్లలుండిరి. అంతకు పైబడిన వయస్సుగల కిశోరులు వేరు.

14 నిండిన బాలికకు చట్టపు నీడ ఇంకను పలుచన. బడి మానిన పిమ్మట ఆమెకు మిగులునది చేనో పెండ్లియో. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏండ్ల స్త్రీలలో 29.3 శాతమునకు 18 ఏండ్లు నిండకమునుపే వివాహమైనది. 2011 జనాభా లెక్కలలో నాటి కర్నూలు జిల్లా పురుషులలో అక్షరాస్యులు 70 శాతముండగా, స్త్రీలలో సగమైనను నిండలేదు. ఈ రెండు అంకెలను విడివిడిగా చూడరాదు. బడి మానిన బాలికయే బాల్యములో పెండ్లికూతురగును. ఆమె కూతురే మరల బడి మానును.

ఆదోని, కోసిగి ప్రాంతముల వారికి ‘సుగ్గి’ అను మాట వివరింప నక్కరలేదు. వానలు లేక, పనులు దొరకక, ఇంటికి తాళము వేసి గుంటూరు మిరపకోతలకు కుటుంబములు తరలిపోవును. చంటిబిడ్డను ఎత్తుకొనుటకు పెద్దకూతురు వెంట పోవలెను. కొడుకును మాత్రము అవ్వ తాతల యొద్దనో హాస్టలులోనో వదలుదురు. ఎవరిని వెంట తీసికొనిపోవలెనను నిర్ణయము చట్టసభలో జరుగునది కాదు, మన ఇంటి గడపలో జరుగునది.

2019లో కేంద్ర గణాంకశాఖ దేశమంతట స్త్రీపురుషులు దినమును ఎట్లు గడుపుదురో సర్వే చేయించెను. జీతము లేని ఇంటిపని చేయువారిలో స్త్రీ దినమునకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లు తేలెను. పైగా స్త్రీలలో నూటికి 81 మంది ఈ పని చేయుచుండగా, పురుషులలో 26 మంది మాత్రమే చేయుచుండిరి. ఇంటిపని దాదాపు అయిదు గంటలు ఒక్కరిమీదనే యున్నంతవరకు తల్లి కూలికి పోయిన దినమున ఆ అయిదు గంటలు ఎవరిమీద పడును? కూతురిమీదనే. కావున బాలిక బడికి పోవలెనన్నచో ఇంటిలోని మగవారు చీపురో కడవయో పట్టుకొనక తప్పదు. ఏ చట్టమును దీనిని చేయింపజాలదు.

6. మన కర్తవ్యము

కాయకము కైలాసమని మనము చెప్పుకొందుము. కాని కాయకమునకు మూలము చేయువాని ఇష్టమును, గౌరవమును. అయిదువందల మొగ్గలు ఒలిచి తండ్రి అప్పు తీర్చు పదేండ్ల బిడ్డ పనికి కాయకమని పేరు పెట్టుట ఆ పదమునకే అపచారము. ఆ వయస్సు బిడ్డకు చదువే కాయకము.

చేను గలవారు పెద్దలనే పనికి పెట్టుకొని, స్త్రీకిని పురుషునికిని పనికి తగిన సమాన కూలి ఇయ్యవలెను. కూలి అడ్వాన్సు ఇచ్చునప్పుడు బిడ్డ పనిని షరతుగా పెట్టరాదు. ధర చాలనిచో ఒంటరిగా బిడ్డల కూలి తగ్గింపక, పదిమంది రైతులు కూడి కంపెనీని, ఆర్గనైజరును ధర అడుగవలెను. అడుగుటకు కావలసిన లెక్కలు పరిశోధకులు ముందే వేసి పెట్టిరి.

మఠములకు విద్యాదానము క్రొత్తది కాదు. ప్రతి మఠమును తన పరిసర గ్రామములలో 6 మొదలు 18 ఏండ్లలోపు బాలికల పేర్లతో ఒక పుస్తకము వ్రాయించి, ఏటికి రెండు మారులు, బడులు తెరచినప్పుడొకసారి, పత్తి సీజనులో ఒకసారి సరిచూచినచో చాలును. పేరు బడి పట్టీలో నున్నదా యని గాక, బాలిక బడిలో నున్నదా యని చూడవలెను. కనబడని బిడ్డ ఇంటికి పెద్దమనిషి ఒకరు పోయి కారణమడుగవలెను. సుగ్గికి పోవు కుటుంబముల కూతుళ్లకు ఆ నాలుగు నెలలు వసతి కల్పించినచో అంతకు మించిన దాసోహము లేదు. సర్కారు నడుపు తాత్కాలిక వసతి గృహములు ఉన్నచోట వానిలో చేర్పించుటకు సాయపడినను మేలే.

ఇండ్లలో తల్లిదండ్రులు వారమున కొకదినము ఈ క్రింది ప్రశ్నలను ముచ్చటించుకొందురుగాక.

(1) మన ఇంట కొడుకునకు ఇచ్చి కూతురికి ఇయ్యనిది ఏది? దానికి కారణము నిజముగా కలదా, అలవాటు మాత్రమేనా?

(2) నిన్నటి దినమున ఇంట ఎవరు ఎన్ని గంటలు పనిచేసిరి? కాగితముమీద వ్రాసి చూడుడు.

(3) మన చేనిలోగాని, మన యెరుకలోని చేనిలోగాని బడియీడు బాలిక పనిచేయుచున్నదా? ఆమె పేరు మనకు తెలియునా?

(4) ఇంటి అప్పు తీర్చుటకు ఎవరి శ్రమను లెక్కించుచున్నాము? వారిని అడిగితిమా?

ప్రభుత్వ సంఘమైనను, ఊరూర తిరిగిన పరిశోధకుడైనను చేసిన పని ఒక్కటే: అందరి యెదుట నున్నదానిని చూచి, లెక్కించి, ఏల యని అడిగిరి. దానివలన చట్టములు మారినవి, కంపెనీలు కదలినవి. కాని పరిశోధకుడు మన వంటింట నిలిచి యుండడు; తనిఖీదారుడు ప్రతి ఉదయము మన గడప దగ్గరకు రాడు. అచ్చట అడుగవలసినవారము మనమే. అక్కకు ఏల లేదని నాడు ఒక బాలుడు అడిగెనని చెప్పుకొను మనము, నేడు ఆ ప్రశ్నను మన కొడుకులకు నేర్పినచో, కూతురు చేనికిగాక బడికి నడచును.